రీలు చివర మిగిలిన ముఖం

"తియ్యమంటే తియ్యవేందమ్మా? నా మొకం నీ అద్దంల ఎందుకు?"

"నీ మొకం నీ మెడ మీదనే ఉన్నది గద! నేనేమన్న కోసుకొచ్చిన్నా?"

"నా మెడ మీదనే ఉంటే, గా అద్దంల పండ్లికిలిస్తున్నది ఎవరు? మీ అత్తనా?"

"మా అత్త ముచ్చట తియ్యకు. రోడ్డున పోయే మనిషివి నువ్వు. నీ పేరేందో, ఊరేందో నాకెరుకనే లేదు. గాడ నీ పేరు రాసిపెట్టిన్నా?"

"పేరెందుకు? మొకం సూస్తె గుర్తువట్టరా? రేపు పొద్దుగాల కోదాడ బస్సు వచ్చేలోపట తియ్యి తల్లీ, నీకు దండం పెడ్త."

"నీ దండం నీ దగ్గర్నే పెట్టుకో. కాయితం నాది, మందు నాది, అద్దం నాది. నువ్వు తియ్యమంటే నేనెందుకు తీస్త?"

ఈ ఇద్దరిలో గొంతు పెద్దది నాది. సూర్యాపేటలో బస్సులు ఆగేచోట టీ తాగుతున్న వాళ్లంతా గ్లాసులు పట్టుకుని మా ఫోటో దుకాణం అద్దాల పెట్టె ముందుకు చేరారంటే ఆ ఘనత నా గొంతుదే. అవతలి మనిషి సాయమ్మ. రోడ్డుకు ఆ పక్కన పొయ్యి పెట్టుకుని పల్లీలు వేయించి అమ్మేది. నాకప్పుడు ఇరవై కూడా నిండలేదు. రజాకార్ల గడబిడ సద్దుమణిగి, మిలిటరీ లారీలు రోడ్ల మీద తిరుగుతున్న కాలం.

మా మనవరాలు లా చదువుతోంది. దాని స్నేహితురాలు కెమెరా కొనుక్కుని, బజారులో కనబడిన వాళ్లనల్లా తీసి ఫోనులో లోకమంతటికీ పంచుతోందట. "అమ్మమ్మా, నువ్వు బతుకంతా ఈ పనే చేసినవు గద, మా వాళ్లకు పనికొచ్చేటట్టు రాసిపెట్టు" అంది. నేను ఊళ్లో పంతులు నడిపే కానిగి బడిలో మూడో పుస్తకం సగంలో వదిలేసినదాన్ని. అక్షరాలు అది దిద్దింది. దుకాణం ఎప్పుడు పెద్దదైంది, ఎవరెవరు సన్మానం చేశారు అన్నవి ఇందులో ఉండవు. వాటివల్ల నేను ఏమీ నేర్చుకోలేదు.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో చెప్పే ఓపిక నాకు లేదు. సాయమ్మది చిలుకూరు పక్కన ఒక ఊరు. ఆమె పెనిమిటి దొరల మీద తిరగబడ్డ సంఘంలో తిరిగి, మిలిటరీ వచ్చాక అడవి పట్టాడు. అంతకుముందు పట్నం పారిపోయిన దొర మళ్లీ వచ్చి గడీలో కూర్చున్నాడు. పెళ్లాన్ని పట్టుకొస్తే మొగుడు తనంతట తానే బయటికొస్తాడని, దొర గుమాస్తా ఆమె కోసం వెతుకుతున్నాడు. ఆ గుమాస్తా మర్నాడు పొద్దున కోదాడ నుంచి వచ్చే బస్సులో హైదరాబాదు పోతున్నాడని వాళ్ల ఊరి బండి మనిషి ఆమె చెవిన వేశాడు. ఆ బస్సు మా దుకాణం ముందే ఆగుతుంది. దిగినవాళ్లు టీ తాగుతూ మా అద్దంలో ఫోటోలు చూడటం రివాజు. ఆ ఫోటోల నడుమ సాయమ్మ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

నడిబజారులో ఇవన్నీ ఆమె ఎలా చెబుతుంది? చెప్పగలిగిన మాట ఒక్కటే, తియ్యి అని. ఆమె ఊరికే ఒక ఫోటో కొట్టేయడానికి వచ్చిందని నేను అనుకున్నాను. పీనాసిదాన్ని కదా, నాకు లోకమంతా పీనాసిగానే కనబడేది.

నీళ్లు మోసే ఉద్యోగం

దుకాణం బోర్డు మీద మా ఆయన పేరుండేది. వచ్చినవాళ్ల గడ్డం కాస్త పైకెత్తడం, తలపాగా సర్దడం, "కదలొద్దు" అనడం ఆయన పని. ఆడవాళ్లు ఆయన ముందు ఫోటో దిగేవాళ్లు కాదు కాబట్టి వాళ్లను తీయడం నేను నేర్చుకున్నాను. తీయడం ఎంతసేపు? రెప్పపాటు. ఆ తర్వాత రీలు కడగాలి, కాగితం మీద బొమ్మ దించాలి, ఆ బొమ్మను మళ్లీ మళ్లీ కడగాలి. నీళ్లు సరిపోకపోతే నాలుగు నెలలకే పెండ్లికొడుకు పసుపుపచ్చగా మారతాడు, వాళ్ల నాన్న వచ్చి తిడతాడు. ఫోటోగ్రాఫరు అంటే గొప్ప కంటిచూపు ఉన్నవాడని మీరు అనుకుంటారు. నాకు తెలిసినంతలో ఫోటోగ్రాఫరు అంటే బావి నుంచి బిందె మోసే ఆడది.

మా వంటిల్లే చీకటి గది. కిటికీకి గోనెసంచి కట్టి, దీపానికి ఎర్ర కాగితం చుట్టేదాన్ని. నా పప్పుచారులో ఫోటోల మందు వాసన వస్తుందని మా అత్త ఊరంతా చెప్పేది. వచ్చేది కూడా. నాకు అలవాటైపోయింది, ఆమెకు కాలేదు.

జర్మనీ యుద్ధం అయిపోయినా రీళ్లు దొరకడం కష్టంగానే ఉండేది. బెజవాడ నుంచి కోదాడ మీదుగా ఏ లారీ డ్రైవరో దయతలిచి తెస్తే వచ్చేవి. ఒక రీలుకు కొన్ని బొమ్మలే పడతాయి. పెండ్లివాళ్లు తొందరపెడితే రీలు నిండకముందే కడగాల్సి వచ్చేది. మిగిలిన బొమ్మ వృథా. అన్నం మెతుకు కిందపడితే ఏరుకుని తినే ఇంట్లో పుట్టినదాన్ని, నేను దాన్ని వృథా పోనిస్తానా? అందుకని ఒక కట్టుబాటు పెట్టాను: రీలు చివర మిగిలిన బొమ్మను ఎవరి మీదనైనా సరే వాడేయాలి. గడప దగ్గర నిలబడి, రోడ్డు మీద ఎవరుంటే వాళ్లను తీసేదాన్ని. మా ఆయన నవ్వేవాడు గాని ఆయనా అలాగే చేసేవాడు. చేయకపోతే నేను ఊరుకోనని తెలుసు.

ఆ బొమ్మలే అద్దంలో పెట్టేదాన్ని. డబ్బు పెట్టి ఫోటో దిగినవాళ్లు తమ కాపీ తాము పట్టుకుపోతారు. అద్దం కోసం ఇంకో కాగితం ఖర్చు చేయడానికి నాకు చేతులు రావు. రోడ్డున పోయేవాళ్లయితే అడగరు, పట్టుకుపోరు. ఊరికే వచ్చిన అలంకారం.

నాకు తలకెక్కిన రెండు సంగతులు

అంగడి రోజుల్లో మేం కెమెరా పట్టుకుని మిర్యాలగూడ, కోదాడ కూడా పోయేవాళ్లం. మిర్యాలగూడలో ఒకసారి చెట్టుకింద మంగలి దగ్గర కూర్చున్న మనిషి మీద చివరి బొమ్మ వాడాను. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో ఉంది. కొన్నాళ్లకు ఆయన ఏదో పనిమీద సూర్యాపేట వచ్చి అద్దంలో తనను తాను చూసుకున్నాడు. ఇక తన్నులే అని నేను తలుపు చాటుకు పోయాను. ఆయన లోపలికి వచ్చి, "అమ్మా, సగం గీకించుకున్నప్పుడు తీసిన్రు. ఇప్పుడు పూర్తిగ గీకించుకొనొచ్చిన. ఇదిగూడ తియ్యిన్రి" అని కుర్చీలో కూర్చున్నాడు.

కోదాడలో తీసిన గాజులమ్మే ఆమెది ఇంకా విచిత్రం. ఆమె బొమ్మ అద్దంలో ఉందని ఎవరో చెబితే బండి కట్టించుకుని ఇంటిల్లిపాదీ వచ్చారు. చూసుకుని మురిసి, అందరూ వరసగా ఫోటోలు దిగి పోయారు.

దాంతో నా బుర్ర పాడైంది. అద్దంలో ముఖం పెట్టడమంటే ఆ ముఖానికి మేలు చేయడమేనని తేల్చేసుకున్నాను. ఇద్దరు నవ్వారు కాబట్టి ఊరందరికీ నవ్వే వస్తుందనుకున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. సంతోషపడినవాడు మీ దగ్గరికి వచ్చి చెబుతాడు. భయపడినవాడు చెప్పడు. దుకాణంలో కూర్చుంటే మీకు మొదటివాడే కనబడతాడు.

సాయమ్మ ఫోటో మా అద్దంలో అన్నిటికంటే మంచిది. ఎవరో బేరమాడితే పల్లీల చేట పైకెత్తి, "ఊదుకుంట తింటవా, ఊరికనే తింటవా" అని ఎగతాళి చేస్తూ నవ్విన నవ్వు అది. ఎండ తలమీద పడి జుట్టు మెరుస్తోంది. మా ఆయన అంత బాగా ఎన్నడూ తీయలేదు. అది నడుమ పెట్టింది అందుకే. ఎండకు ఆమె వైపు నుంచి మా అద్దం తళతళలాడేది, లోపలేముందో కనబడేది కాదు. తన ఫోటో అందులో ఉందని బస్సు క్లీనరు చెప్పిన రోజే ఆమెకు తెలిసింది.

వకీల్ సాబ్ తీర్పు

మళ్లీ కొట్లాట దగ్గరికే వద్దాం. టీ గ్లాసులు పట్టుకున్న గుంపులో ఒక వకీల్ సాబ్ ఉన్నాడు. నల్ల షేర్వానీ, చేతిలో గొడుగు. నాకు ధైర్యం ఎక్కువై ఆయన్ని పిలిచాను.

"వకీల్ సాబ్, మీరే చెప్పున్రి. నాది తప్పా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "రోడ్డు సర్కారుది. ఆమె తనంతట తాను రోడ్డు మీద కూసున్నది. కెమెరా మీది, కాయితం మీది, అద్దం మీది. ఫోటోల ఆమె తప్పు చేసినట్టు ఉన్నదా? లేదు. ఏ కానూన్ల ఇది జుర్మ్ కాదు, నేరం కాదు."

"మొకం నాది గద సార్!" అంది సాయమ్మ.

"మొకానికి పట్టా ఉన్నదా?"

గుంపంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. చెయ్యి పైకెత్తి, "విన్నవా? కానూనే చెప్పింది. ఇగ నడువ్!" అని అరిచాను. అప్పుడే ఏదో బస్సు వచ్చి ఆగింది. సాయమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని రోడ్డు దాటి పోయింది. గెలిచాననుకుని నేను లోపలికి వచ్చి చల్ల తాగాను. కానూను నా పక్కన ఉన్న రోజున చల్ల ఎంత చల్లగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

వకీల్ సాబ్ చెప్పింది తప్పు కాదు. ఆనాటికి అంతే. ఇప్పుడు కోర్టులు మనిషి బతుకు మనిషిదే అంటున్నాయని, అయినా రోడ్డు మీద తీసిన ఫోటో సంగతి ఇంకా తిరకాసుగానే ఉందని మా మనవరాలు అంటుంది. తేల్చుకోవడం వాళ్ల పని. కానూను ఒప్పుకుంది కాబట్టి పని మంచిదే అనుకున్న మూర్ఖురాలి సంగతి చెప్పడం నా పని.

నీళ్లలో తేలిన శివసత్తు

ఆ మధ్యాహ్నం ఒక పట్వారీ ఫోటో తొందరగా కావాలన్నాడని రీలు కడిగాను. పట్వారీ బాగానే వచ్చాడు. రీలు చివర ఇంకో బొమ్మ ఉంది. నెగటివులో తెల్లది నల్లగా, నల్లది తెల్లగా ఉంటుంది, ముఖాలు పోల్చడం కష్టం. ఒక ఆడమనిషి, చెయ్యి ఆకాశానికి ఎత్తి, నోరు గుహలా తెరిచి, జుట్టు విరబోసుకుని నిలబడింది, పక్కన ఎవరో కొంగు కప్పుకుని ఉన్నారు.

"ఏమయ్యా, జాతరకు ఎప్పుడు పోయినవ్? ఈ పూనకమొచ్చిన శివసత్తు ఎవరు?" అని అడిగాను.

మా ఆయన గోడవైపు తిరిగాడు. భుజాలు ఊగుతున్నాయి. "కాయితం మీద దించి సూడు. తెలిసిన మనిషే" అన్నాడు.

వాకిట్లో ఎండకు పెట్టి బొమ్మ దించాను. శివసత్తు నేనే. పొద్దున కొట్లాడుతుంటే ఆయన గడపలో నిలబడి రీలు చివరి బొమ్మ నా మీద వాడేశాడు. చీర కుచ్చిళ్లు ఒకపక్కకు పోయాయి. మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. కింది పన్ను ఒకటి ఊడిందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు, నేను నోరు మూసుకుని నవ్వేదాన్ని. ఆ సందు కూడా స్పష్టంగా పడింది. ఆయన బతుకులో తీసిన మంచి ఫోటో అదొక్కటే, అది చెప్పక తప్పదు.

"అద్దంల పెడదామా?" అన్నాడు.

"నన్నడగకుంట ఎట్ల తీసినవ్?"

"రీలు వృథా పోనియ్యొద్దంటివి గద."

"నా మొకం నడిబజార్ల పెడతవా?"

"రోడ్డు సర్కారుది. నీ అంతట నువ్వే నిలవడ్డవు. నీ మొకానికి పట్టా ఉన్నదానే?"

నాకు ఒళ్లు మండింది. నోరు తెరిచి, తెరిచిన నోటితో అలాగే ఆగిపోయాను. ఎందుకంటే నేను అనబోయే మాట పొద్దున సాయమ్మ అన్నదే. కోపంగా ఫోటో చింపబోతే కాగితం మంచిది, చేతులు రాలేదు. పట్టుకుని మళ్లీ చూశాను. నన్ను చూసుకోవడం సిగ్గనిపించి పక్కనున్న సాయమ్మను చూశాను.

ఆమె నాకు తిరిగి అరుస్తోందని పొద్దున అనుకున్నాను. ఫోటోలో ఆమె నావైపే చూడటం లేదు. తల పక్కకు తిప్పి, ఆగుతున్న బస్సు తలుపు వైపు చూస్తోంది. కొంగు ఒక చేత్తో సగం ముఖం దాకా లాక్కుంది. బేరానికి వచ్చిన మనిషి అలా చూడదు. కళ్లెదుట అంతసేపు నిలబడి అరిచాను, నాకు అది కనబడలేదు. కడిగి ఆరబెట్టాక కనబడింది.

కొంగు

పొద్దు వాలుతుంటే రోడ్డు దాటి పోయాను. సాయమ్మ పొయ్యిలో నిప్పులు ఆర్పుతోంది.

"మళ్ల దేనికొచ్చినవ్ ఫోటోలమ్మా? కానూన్ మిగిలిపోయిందా?"

"బస్సు దిక్కు ఎందుకు సూస్తున్నవ్?" అని ఫోటో ముందుపెట్టాను.

ఆమె ఫోటో చూసి, నా నోరు చూసి, అంత భయంలోనూ ముక్కుతో నవ్వింది. తర్వాత చుట్టూ చూసి మెల్లగా చెప్పింది. ఊరు, పెనిమిటి, దొర, గుమాస్తా, పొద్దున బస్సు.

"మరి బస్సులాగేకాడ కూసుంటవేందే? ఎటన్న పోరాదు?"

"పల్లీలు కొనేటోళ్లు బస్సుల్నే వస్తరు గద, అడవిల వస్తరా? బస్సు రాంగనే కొంగు కప్పుకుంట, బస్సుకు పెడమొకం పెట్టి అమ్ముకుంట. నాకైతే కొంగున్నది. నీ అద్దంల ఉన్నదానికి కొంగెవరు కప్పుతరు?"

"పొద్దున్నే తీస్త" అన్నాను.

"తీస్తె జాగ ఖాళీగ ఉంటది. నడుమ ఖాళీ ఉంటే, ఎవరిది తీసిన్రని అడుగరా? టీ కాడ పోరగాండ్లు పల్లీలామెదని చెప్పరా?" అంది.

అదీ నిజమే. అద్దం వెనక ఎర్రగుడ్డ ఎండకు వెలిసిపోయి, ఫోటోలున్న చోట మాత్రం ముదురు రంగు మిగిలింది. తీస్తే నడుమ పెద్ద మచ్చ పడుతుంది. ఇంకో పెద్ద ఫోటో దించుదామంటే పొద్దు పోయింది, ఎండ లేదు. కస్టమరు ఫోటో పెడదామంటే పట్వారీదే ఉంది, ఆయన పొద్దున్నే వచ్చి పట్టుకుపోతాడు. నా చేతిలో ఉన్నది ఒక్కటే ఫోటో.

ఎంత ఆలోచించినా అదొక్కటే.

మర్నాడు పొద్దున

దుకాణం తలుపు తీయకముందే అద్దం తెరిచి సాయమ్మ ఫోటో తీశాను. దాన్ని అంటించిన అట్ట పాడుచేయకుండా నానబెట్టి ఒలిచాను. అట్ట మళ్లీ పనికొస్తుంది కదా. కొట్లాట ఫోటోను కత్తెరతో నడిమికి కోశాను. సాయమ్మ ఉన్న ముక్కను, ఆమె నవ్విన ఫోటోను, రెండు నెగటివులను ఆమె పొయ్యిలో వేశాను. నెగటివులు భగ్గుమని లేచి కంపు కొట్టాయి. ఆ పొయ్యి మీద వేయించిన మొదటి వాయి పల్లీలకు మందు వాసన వచ్చిందని ఆమె తిట్టింది. మిగిలిన సగం ఫోటోను పాత అట్టకు అంటించి అద్దం నడుమ పెట్టాను. గాలిలోకి ఎత్తిన చెయ్యి, తెరిచిన నోరు, ఊడిన పన్ను. ఎదురుగా ఎవరూ లేకపోయేసరికి ఆకాశంతో కొట్లాడుతున్నట్టు ఉంది.

"నువ్వే పెట్టినవానే?" అని మా ఆయన అడిగాడు. జాగా ఖాళీగా ఉంటే బాగుండదని చెప్పాను.

కోదాడ బస్సు వచ్చింది. జనం దిగారు. టీ గ్లాసులు పట్టుకుని ఎప్పటిలాగే అద్దం దగ్గరికి వచ్చారు. ఒకరు నవ్వారు, వెంటనే ఇంకొకరు, ఆ తర్వాత బస్సు బస్సంతా. నవ్వినవాళ్లు పల్లీలు కొనుక్కోవడానికి రోడ్డు దాటారు. సాయమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, పెడమొకం పెట్టి, చేట చేటగా అమ్మింది. కొంగు కింద ఆమె భుజాలు కూడా ఊగుతున్నాయి.

నల్లటోపీ, చంకలో లెక్కల సంచి ఉన్న మనిషి ఒకడు అద్దం ముందు అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. ఒక్కొక్క ఫోటో దగ్గరికి పోయి తల వంచి చూశాడు. గడపలో ఉన్న నావైపు తిరిగాడు.

"నడుమ ఉన్నది ఎవరమ్మా?"

తల మీదికి కొంగు లాక్కున్నాను. నోరు వీలైనంత తక్కువగా తెరిచాను.

"ఎవరో, రోడ్డున పోయే మనిషి" అన్నాను.

అతను బస్సెక్కాడు.